సుగుణ చీటీ ఎందుకు ఇవ్వలేదు

హేమలత జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్. వయసు నలభై ఆరు. పుట్టి పెరిగింది సిరిసిల్లలో, సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య. పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతోంది. పద్యం బాగా చదువుతుందని పేరు. ఆమె క్లాసు ఎగ్గొట్టి క్యాంటీన్‌లో కూర్చునే పిల్లలు తక్కువ.

సెకండియర్ వాళ్లకు పాఠ్యపుస్తకంలో ఒక పాత నాటకం ఉంది. పేరు మంజరీ జయంతం. ఎనభై తొంభై ఏళ్ల కిందట రాసింది. మంజరి పెద్దింటి పిల్ల, జయంతుడు కంసాలి కొడుకు. ఇద్దరికీ ప్రేమ. ఊరు విడిచి పోవలసి వచ్చిన రోజున జయంతుడు, పడవ రేవు దగ్గర ఎదురుచూస్తానని చీటీ రాసి, మంజరి స్నేహితురాలు సుగుణ చేతికిస్తాడు. సుగుణ ఆ చీటీ ఇవ్వదు. మంజరి అడిగితే, ‘ఏమీ చెప్పలేదు’ అంటుంది. చివరి అంకంలో, తలలు నెరిశాక, ఇద్దరూ అనుకోకుండా ఒకే పడవ ఎక్కుతారు. నీళ్ల గురించీ, ఆ ఏటి పంటల గురించీ మాట్లాడుకుని, అవతలి ఒడ్డున దిగి ఎవరి దారిన వాళ్లు పోతారు. చీటీ చేరలేదన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

ఈ నాటకాన్ని హేమలత ప్రతి సంవత్సరం నాలుగు క్లాసుల్లో ముగించేది. మిగతా వాటికి ఎనిమిది, తొమ్మిది క్లాసులు పట్టేవి. సుగుణ ఉన్న మూడో అంకాన్ని పిల్లలనే ఇంట్లో చదువుకోమనేది.

కిందటేడు అలా తప్పించుకోవడానికి కుదరలేదు. పిల్లలు తలా ఒక ప్రాజెక్టు రాయాలని కాలేజీలో నియమం పెట్టారు. మంజరీ జయంతం రెండుసార్లు సినిమాగా వచ్చింది. ఒకటి నలుపు తెలుపు కాలంది, ఇంకొకటి పదేళ్ల కిందటిది. రెండిటిలో ప్రేమను ఎలా చూపించారో నాటకంతో పోల్చి రాయాలని పిల్లలే అడిగారు. సినిమాలు చూడటమంటే వాళ్లకు సరదా. హేమలత కాదనలేకపోయింది.

ప్రాజెక్టులు చదివి వినిపించే రోజున సరిత అనే అమ్మాయి లేచింది. కథలాపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. మాట తక్కువ.

“మేడం, పాత సినిమాల ప్రేమ అంటే పాటలు, నమ్మకం. పదేండ్లు ఒకల్ల మొకం ఒకలు చూడకున్నా అనుమానం రాదు. కొత్త సినిమాల ప్రేమ అంటే కోపం. హీరో గడ్డం పెంచుతడు, తాగుతడు, పిల్ల ఇంటి ముందర లొల్లి చేస్తడు. ఎంత లొల్లి చేస్తే గంత ప్రేమ అన్నట్టు చూపిచ్చిండ్రు.”

“బాగా పట్టుకున్నవ్. ఇంకా?”

“సుగుణ మేడం. పాత సినిమాల ఆమె గూడ జయంతున్ని ప్రేమించిందంట. కుళ్లుతోని చీటీ దాస్తది. చచ్చిపోయేటప్పుడు ఒప్పుకుంటది, ఇగ ఇద్దరు కలుస్తరు. కొత్త దాంట్ల సుగుణనే లేదు. ఫోన్ మెసేజ్ పోదు, అంతే. కానీ నాటకంల కుళ్లు లేదు, ఏం లేదు. మరి చీటీ ఎందుకియ్యలే మేడం?”

“రచయిత చెప్పలేదమ్మా.”

“ఆమెకు ఏదో భయం ఉండి ఉంటది మేడం. చీటీ ఇస్తే తనకేమైతదో అని. చెడ్డదైతే కాదు.”

హేమలత సుద్దముక్క బల్ల మీద పెట్టి, మిగిలినవి రేపు వింటానంది. బెల్లు కొట్టడానికి ఇంకా పావుగంట ఉంది. స్టాఫ్ రూముకు పోయి కుర్చీలో కూర్చుంది. చేతులకు అంటిన సుద్ద అలాగే ఉంది.

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు ముప్పై ఏళ్లుగా తెలుసు.

పందొమ్మిది వందల తొంభై మూడులో హేమలత పదో తరగతి చదువుతోంది. అక్క వసంతకు పందొమ్మిదేళ్లు. తండ్రి కొమురయ్యకు ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు ఉండేవి. మోటారు కాలితే బాగు చేయడానికి వీరేందర్ వచ్చేవాడు. కథలాపూర్ గౌండ్ల ఇంటి పిల్లవాడు. తాత, తండ్రి కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కినవాళ్లు. అతను మాత్రం మోటారు వైండింగ్ నేర్చుకుని సిరిసిల్లలో ఒక షాపులో పనికి కుదిరాడు. రాగితీగ చుడుతూ కూనిరాగం తీసేవాడు. వసంత నూలు కండెలు చుట్టే వంకతో షెడ్డులోకి వచ్చేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. అయినా మోటార్లు కాలడం ఎక్కువైందని పక్క సాంచాల వాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు ఒకరోజు కొమురయ్య చెవిన పడింది.

ఆ రాత్రి అన్నం తింటూ ఆయన గొంతు పెంచకుండానే చెప్పాడు. “పెద్దదాని గురించి ఏమన్న ఇనవడ్డదనుకో, చిన్నదాని సదువు గా రోజే బంద్. ఇద్దర్ని ఇంట్ల కూసోవెడత. నాకు సదువులు లేవు, ఏం లేవు.”

తల్లి బాలవ్వ ఆయన కంచంలో మళ్లీ అన్నం పెట్టింది. వసంత తల దించుకుని తింది. హేమలత సగంలోనే లేచి చెయ్యి కడుక్కుంది. ఆ ఏడు స్కూలు ఫస్టు తనదేనని తెలుగు సారు అన్నాడు. కరీంనగర్‌లో ఇంటర్ చదవాలని ఆ పిల్ల కోరిక. చదువు తప్ప ఆ ఇంట్లో తనదని చెప్పుకునేందుకు ఆమెకు వేరే ఏదీ లేదు.

నెల తిరగకముందే, ఒక శనివారం స్కూలు దగ్గర వీరేందర్ నిలబడి ఉన్నాడు.

“చెల్లె, గిది మీ అక్కకియ్యి. ఎవ్వలకు చెప్పకు.”

నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం. హేమలత దారిలోనే విప్పి చదివింది. కోరుట్లలో సొంతంగా షాపు పెట్టుకుంటున్నాడు. సోమవారం పొద్దున ఏడింటి కోరుట్ల బస్సు దగ్గర ఉంటాడు. వసంత వస్తే తీసుకుపోయి పెళ్లి చేసుకుంటాడు. ‘రాకపోతే నీకు ఇష్టం లేదనుకుంట. మళ్ల నీకు అడ్డం రాను. నీ మీద కోపం గూడ పెట్టుకోను.’ కింద పేరు రాయలేదు.

దాచాలని ఆమె అనుకోలేదు. సాయంత్రం ఇద్దామనుకుంది. సాయంత్రం, రేపిద్దామనుకుంది. చీటీ సోషల్ పుస్తకంలో పెట్టింది. ఆదివారం అక్క తలస్నానం చేసి ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటుంటే రెండుసార్లు దగ్గరకు పోయి, రెండుసార్లూ వెనక్కి వచ్చింది. సోమవారం ఏడు గంటలకు గడియారం ముందు కూర్చుని లెక్కలు చేసింది. ఒక్క లెక్కా కలవలేదు. ఎనిమిదింటికి, నీళ్లు కాగుతున్న పొయ్యిలో చీటీ వేసింది.

వారం తర్వాత వసంత అడిగింది. “షాపు వదిలిపెట్టి పోయిండంట. నీతోని ఏమన్న చెప్పిండా హేమ?”

“ఏం చెప్పలే.”

తర్వాత అన్నీ సవ్యంగానే జరిగాయి. మరుసటేడు వసంతను తంగళ్ళపల్లి రాజేశానికి ఇచ్చి పెళ్లి చేశారు. నెమ్మదైన మనిషి, ఆరు సాంచాలు ఉన్నవాడు. హేమలత కరీంనగర్‌లో ఇంటర్, డిగ్రీ చేసి, వరంగల్‌లో ఎమ్మే చదివింది. అక్కడే మొదటిసారి మంజరీ జయంతం చేతికొచ్చింది. మూడో అంకంలో సుగుణ మాట దగ్గర పుస్తకం మూసేసి హాస్టల్ మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. ఎవరో తన ఇంట్లోకి తొంగి చూసి రాసినట్టు అనిపించింది.

వీరేందర్‌ను ఆ తర్వాత ఆమె ఒక్కసారే చూసింది. ఏడేళ్ల కిందట పరీక్షల డ్యూటీకి కోరుట్ల పోయినప్పుడు బస్టాండు ఎదురుగా అతని షాపు కనబడింది. కణతల దగ్గర జుట్టు తెల్లబడింది. అతనే గుర్తుపట్టి, కుర్చీ తుడిచి కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

“మీ అక్క మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్నది.”

“మంచిది. గప్పుడు నువ్వు చిన్నపిల్లవు. నీ చేతికి చీటీ ఇచ్చి నిన్ను ఇరకాటంల వెట్టిన. గది నాదే తప్పు చెల్లె. ఏమనుకోకు.”

నిజం చెప్పడానికి అంతకు మించిన సందు దొరకదు. హేమలత చాయ్ తాగింది. పరీక్షకు టైమైందని లేచింది. మూడేళ్ల కిందట అతను గుండెపోటుతో పోయాడని కాలేజీ అటెండరు నోట మామూలు కబురులా విన్నది. ఆ రోజు కూడా క్లాసు చెప్పింది.

సరిత ప్రశ్న వేసిన వారానికి దసరా సెలవులు వచ్చాయి. వసంతకు మోకాలి ఆపరేషన్ అయి ఇరవై రోజులైంది. నాలుగు రోజులు సాయంగా ఉందామని హేమలత తంగళ్ళపల్లి పోయింది. దిద్దాల్సిన ప్రాజెక్టులూ, ల్యాప్‌టాపూ వెంట ఉన్నాయి.

మంచం మీద కాలు చాపుకుని ఉన్న వసంతకు పొద్దుపోవడం లేదు. “ఏంది గవి?” అంది.

“పిల్లలు రాసినయి. ఒక నాటకాన్ని రెండుసార్లు సినిమా తీసిండ్రు. ఎట్ల తీసిండ్రో పోల్చి రాసిండ్రు.”

“సినిమాలు చూసి మార్కులేస్తరా? మంచి నౌకరి. నాక్కూడ పెట్టు, చూస్త.”

 వద్దనడానికి హేమలతకు కారణం దొరకలేదు.

పాత సినిమా ఆ మధ్యాహ్నం చూశారు. పాటలు వచ్చినప్పుడల్లా వసంత వేళ్లతో మంచం పట్టెమీద తాళం వేసింది. సుగుణ మంచం మీద పడి ఒప్పుకునే చోట మాత్రం ముఖం చిట్లించింది.

“గీ పిల్లను ఊకనే చెడ్డదాన్ని చేసిండ్రు. అందరు మంచోల్లైతే సినిమా నడువదా?”

“నీకు నచ్చలేదా?”

“పాటలు నచ్చినయి. పదేండ్లు కబురు లేకున్నా గా మంజరికి ఒక్కనాడన్న కోపం రాదేందే? నాకు నమ్మబుద్ధి కాలే. మనిషికి కోపం రాదా?”

మర్నాడు పొద్దున కొత్త సినిమా పెట్టుకున్నారు. సగమయ్యేసరికి వసంతకు విసుగొచ్చింది. హీరో నడిరోడ్డు మీద అద్దాలు పగలగొడుతున్నాడు.

“వీనిది ప్రేమ గాదు, పంతం. గా పిల్లకేం కావాల్నో ఒక్కసారన్న అడిగిండా? ఆపు ఇగ. అసలు నాటకంల ఏముంది? గది సదువు.”

హేమలత పుస్తకం తీసింది. క్లాసులో చదివే గొంతు రాలేదు. మూడో అంకం వదిలేసి చివరిది చదివింది. పడవలో ఇద్దరు ముసలివాళ్లు. ఈ ఏడు నీళ్లు ఎక్కువే వచ్చాయని ఒకరు, నారు ముందే పోశామని ఇంకొకరు. ‘ఇంట్లో అందరూ కుశలమేనా?’ ‘కుశలమే.’ పడవ ఒడ్డు చేరడం. అంతే.

 బయట సాంచాలు ఆడుతున్నాయి. వసంత కిటికీ వైపు చూస్తూ అంది.

“గిది నిజం లెక్కున్నది. గట్లనే మాట్లాడుకుంటరు. కానీ గీ జయంతుడు నయం, చీటన్న రాసిండు. నీకు యాదుందా, గా మోటార్ల వీరేందరు? నాకు ఒక్క మాట చెప్పకుంట పోయిండు. పోతెవోయిండు, ఒక్క మాట చెప్తే ఏంబోతుండె? గంతకన్న ఎక్కువ నేనేం అడుగలే.”

హేమలత పుస్తకం మూసింది.

“చెప్పిండు అక్క.”

వసంత ఇటు తిరిగింది.

“చీటీ రాసి నాకిచ్చిండు. నేను నీకియ్యలే.”

ఆ తర్వాత ఆగలేదు. స్కూలు దగ్గర ఇచ్చింది మొదలు పొయ్యిలో వేసినదాకా, కోరుట్లలో తాగిన చాయ్ దాకా, అంతా చెప్పింది. మధ్యలో ఏడుపు వచ్చింది. ఏడిస్తే అక్క తననే ఓదారుస్తుందేమోనని సిగ్గేసి మింగేసింది. వసంత ఓదార్చలేదు.

“ఏం రాసిండు?” అని మాత్రం అడిగింది.

హేమలతకు ఆ చీటీ మొత్తం నోటికి వచ్చు. చెప్పింది. ‘నీ మీద కోపం గూడ పెట్టుకోను’ అన్న దగ్గర వసంత చెయ్యెత్తి ఆపింది.

“మళ్లొక్కసారి చెప్పు.”

మళ్లీ చెప్పింది.

“ఎందుకు దాసినవ్?”

“బాపు సదువు బంద్ చేస్తనన్నడు కదా. నువ్వు పోతే నన్ను ఇంట్ల కూసోవెడతడని భయమైంది.”

“నన్నడిగితివా? అడిగితే నేను పోకపోదునేమో. నీ సదువు కోసం నేనే ఆగుదునేమో. గా ముచ్చట నేను తేల్చుకునేదాన్ని. నువ్వే తేల్చినవ్.”

 అప్పుడు తను పదిహేనేళ్ల పిల్లనని హేమలత ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకుంది. ఆ మాట ఇప్పుడు నోట్లోకి వచ్చినా బయటకు రానివ్వలేదు. కోరుట్లలో చాయ్ తాగిననాటికి తనకు పదిహేనేళ్లు కావు.

మధ్యాహ్నం రాజేశం అన్నానికి వచ్చాడు. హేమలత వడ్డించింది. పండక్కి చీరల ఆర్డర్లు బాగా వచ్చాయని ఆయన చెబుతుంటే వసంత మామూలుగానే ఊ కొట్టింది. ఆయన షెడ్డుకు పోయాక, వసంత గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

“పెండ్లైనంక ఆరేడేండ్లకు జగిత్యాల బస్టాండుల కనవడ్డడు. సంకల పిల్లగాడున్నడు. నన్ను చూసి నవ్విండు. మంచిగున్నవా అని అడుగుదామని రెండడుగులు ఏసిండు. నేను మొకం తిప్పుకోని, దొరికిన బస్సెక్కి పోయిన. గది ధర్మపురి బస్సు. మళ్ల వాపస్ వచ్చేసరికి పొద్దువోయింది.”

దుప్పటి మోకాలి మీదికి లాక్కుని అంది.

“ఆయిన పోయిన రోజు మీ బావ చెప్పిండు. కోరుట్ల వీరేందర్ పోయిండంట, మంచి పనోడు అని. నేను పోతెపోనీ అన్న. గట్లనే అన్న హేమ. రొట్టెలు చేసుకుంట.”

హేమలత ఇన్నేళ్లూ ఒక్క విషయానికే బాధపడింది, వీరేందర్‌తో అక్క పెళ్లి తప్పించానని. అక్క సంసారం బాగుందన్న ధైర్యం ఎక్కడో ఆ బాధను కాస్త తగ్గించేది. ఒక మంచి మనిషిని అక్క ఇన్నేళ్లు మోసగాడనుకుందని, ఆ కోపంతోనే ఎదురుపడ్డప్పుడు ముఖం తిప్పుకుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. పాఠం చెప్పేటప్పుడు కూడా తోచలేదు.

“రేపు పో హేమ,” అంది వసంత. “పనికి పనామె వస్తది. నాకు నిన్ను చూడబుద్ధైతలేదు. ఎన్ని దినాలో తెల్వది.”

మర్నాడు పొద్దున బస్సులో హేమలత జగిత్యాల వచ్చేసింది. అక్క ఫోన్ చేయలేదు. తను రెండుసార్లు చేస్తే రాజేశం ఎత్తి, పడుకుందని చెప్పాడు. ఆయన గొంతులో తేడా లేదు. అక్క ఆయనకు చెప్పలేదని అర్థమైంది. ఇంట్లో భర్తకు హేమలతే చెప్పింది. చిన్నప్పటి సంగతి కదా, మనసులో పెట్టుకోకు అన్నాడాయన. ఆమెకు ఆ మాట రుచించలేదు. సరిత ప్రాజెక్టుకు పూర్తి మార్కులు వేసి, కింద ఒక వాక్యం రాయాలని పెన్ను పట్టుకుని, ఏమీ రాయకుండానే వదిలేసింది.

డిసెంబరు రెండో ఆదివారం వసంత ఫోన్ చేసింది.

“కాలు మంచిగనే వంగుతుంది. కోరుట్ల పోదామనుకుంటున్న. ఒక్కదాన్ని బస్సెక్కలేను. వస్తవా?”

హేమలత తంగళ్ళపల్లి వచ్చింది. ఇద్దరూ వేములవాడ మీదుగా కోరుట్ల పోయే బస్సులో కూర్చున్నారు. వసంత సంచిలో ఒక పాత టేబుల్ ఫ్యాను ఉంది. వీరేందర్ ఊరు కథలాపూర్ దాటుతున్నప్పుడు కిటికీలోంచి తాటిచెట్లు చూసింది. 

షాపులో వీరేందర్ భార్య లత ఉంది. చేతికి రాగితీగ చుట్టుకుని ఒక మోటారుకు కాయిల్ వేస్తోంది. ఆయన బతికున్నప్పుడే నేర్పాడట. ఫ్యాను విప్పి చూసి, గంటలో ఇస్తానంది.

“ఎక్కడినుంచి వచ్చిండ్రు?”

“సిరిసిల్ల దిక్కు,” అంది వసంత.

“గంత దూరం నుంచి ఫ్యానుకోసమా?”

“మా సాంచాల మోటార్లు మీ ఆయినె చేస్తుండె, చిన్నతనంల. ఇటు పనిమీద వచ్చినం.”

లత స్టూళ్లు వేసింది. పని చేసుకుంటూనే మాట్లాడింది. ఆయనకు పని మీద కోపం వస్తే స్క్రూడ్రైవర్ విసిరేసేవాడట. మళ్లీ తనే పోయి వెతుక్కునేవాడట. కూరలో కారం లేకపోతే అన్నం ముట్టేవాడు కాదట. వసంత ఒక్కొక్కటి విని తల ఊపింది. హేమలత గోడమీది ఫొటో వైపు చూడలేక, కింద పడిన తీగ ముక్కలు చూస్తూ కూర్చుంది. లత కాళ్ల మీద పడి అంతా చెప్పాలన్న ఆలోచన ఒకసారి వచ్చింది. చెప్పి ఏం చేస్తుంది? ఈమె బతుకులో ఆ చీటీకి చోటు లేదు. తన బరువు ఈమె మీద దింపడం ఇంకొక తప్పు అవుతుంది.

ఫ్యాను తిరిగింది. వసంత లేచి నిలబడి లత చెయ్యి పట్టుకుంది.

“మంచి మనిషమ్మా నీ పెనిమిటి. చెప్పిపోదామని వచ్చిన.”

లత కొంచెం ఆశ్చర్యపోయి, కళ్లు తుడుచుకుని, చాయ్ తాగి పొమ్మంది. తాగారు.

తిరుగు బస్సులో వసంత అంది.

“నీ మీద కోపం పోలే హేమ. పోతదో లేదో గూడ తెల్వది.”

“పోవాల్నని నేను అంటలేను అక్క.”

“నువ్వు సదువుకున్నందుకు నాకేం బాధ లేదు. గది మంచే అయింది. ముప్పై ఏండ్లు చెప్పకపోతివి సూడు, గది కష్టమైతుంది. ఆయిన ఉన్నప్పుడు చెప్తే, మంచి మనిషివన్న గా మాట ఆయినకే చెప్పేదాన్ని.”

రుద్రంగి దగ్గర బస్సు ఆగింది. ఒక ముసలామె జామకాయల గంప కిటికీ దగ్గరకు తెచ్చింది. వసంత నాలుగు తీసుకుని, ఒకటి చీర కొంగుకు తుడిచి కొరికింది. ఇంకొకటి హేమలత ఒడిలో పెట్టింది. తినమని అనలేదు. హేమలత దాన్ని చేతిలో పట్టుకుని కూర్చుంది. వేములవాడలో ఆమె దిగి జగిత్యాల బస్సు మారాలి. లేస్తుంటే వసంత, సంక్రాంతి సెలవులెప్పుడని అడిగింది. పదకొండు నుంచి అని చెప్పింది. సరే అని వసంత ఫ్యాను సంచిని ఖాళీ అయిన సీటు మీద పెట్టుకుంది.